ఎండకు తెరుచుకున్న తలుపు

ఎండ పక్షం, తదియ

ఈ పూట భోజనాల దగ్గర మా వరసకి ఒక కంచం ఎక్కువ వచ్చింది. ఎవరిదని వంటశాలలో అడిగితే "జలుబుది" అన్నారు. జలుబు ఎవరని అడిగితే, "మాకేం తెలుసు? కావలి పంపమంది, పంపాం" అన్నారు.

కాసేపటికి సంగతి బోధపడింది. మా పక్క గదిలో ఉండే రెహానా ఊళ్ళో తలుపుల మరమ్మతు చూసే ఇంజనీరు. నిన్న ఆరోగ్యం వివరం చెబుతూ కావలితో "నాకు జలుబు చేసింది" అంది. చేసింది అన్నాక చేసినవాళ్ళు ఒకరుండాలి కదా. ఆ మాటలో చేసింది జలుబు. కనుక రెహానా గదిలో జలుబు అనే మనిషి ఉంది, ఆమెకేదో చేసింది. మనిషి అన్నాక అన్నం పెట్టాలి.

"నా జలుబు తిండి నేనే తింటాను" అని రెహానా ఆ కంచం కూడా తన ముందుకు లాక్కుంది. వరసంతా నవ్వారు. తోట పోయినప్పటి నుంచి ఊళ్ళో ఎవరైనా నవ్వగా చూడడం ఇదే మొదలు.

నవ్వుకున్నా, దీన్ని నేను రాసిపెట్టుకోవాలి. మా నెలవూరులో గాలి, నీళ్ళు, తిండి, తలుపులు అన్నీ కావలి అనే యంత్రం చూసుకుంటుంది. మేం తెలుగులో చెప్పింది విని, దాన్నిబట్టి నడుచుకుంటుంది. అది విన్నదాన్ని సరిగ్గా అర్థం చేసుకుందా లేదా అని చూసేది నేను. చంద్రుడి మీద ఈ గుహలోకి మా పెద్దవాళ్ళు వచ్చి ఊరు కట్టుకున్నప్పటి నుంచి ఈ పనికి ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు.

మా పనిలో పీటలు అని ఒక మాట వాడతాం. ప్రతి క్రియా తన చుట్టూ కొన్ని పీటలు వేస్తుంది. "నడిచాడు" అంటే ఒక్క పీట చాలు. "కోశాడు" అంటే కోసినవాడికొకటి, కోసిన వస్తువుకొకటి, కత్తికొకటి. "ఇచ్చాడు" అంటే పుచ్చుకున్నవాళ్ళకి కూడా ఒకటి వెయ్యాలి. ఏ పీట మీద ఎవరు కూర్చున్నారో తెలిస్తే మాట అర్థమైనట్టే. కాకపోతే వాక్యంలో ముందు కనబడేవాళ్ళు చేసినవాళ్ళే కానక్కర్లేదు. "నాకు ఆకలేసింది" అన్నప్పుడు నేను చేసిందేమీ లేదు. నాకు జరిగింది, అంతే.

పోయిన నెల పెద్దూరు నుంచి కావలికి కొత్త పాఠం వచ్చింది. పెద్దూరంటే చంద్రుడి అవతలి వైపున్న రాజధాని. వాళ్ళ భాష వేరు. ఆ భాషలో చేసినవాళ్ళు లేకుండా వాక్యం నిలబడదట. అందుకని ఒక నియమం పెట్టారు: కర్త పీట ఖాళీగా ఉండకూడదు. ఎవరూ దొరక్కపోతే దగ్గర్లో ఉన్నవాళ్ళని కూర్చోబెట్టాలి.

ఆ కూర్చునేది జలుబైతే ఫరవాలేదు.

ఎండ పక్షం, షష్ఠి

మల్సూరన్నని చూసి వచ్చాను.

తోట నడవలో కాపలా ఆయనది. ఇక్కడ ఒకసారి పొద్దు పొడిస్తే పక్షమంతా ఎండే, గుంకితే పక్షమంతా చీకటే. ఈసారి పొద్దు పొడిచిన పాడ్యమి నాడే తోట వెనకాల, చెత్తని ఊరి బయటికి పారేసే చెత్త తలుపు తెరుచుకుంది. తోటలో గాలంతా చూస్తుండగానే బయటికి పోయింది. గోంగూర, చిక్కుడు, టమాటా, బడిపిల్లలు పెంచుకుంటున్న బంతి మొక్కలు అన్నీ నల్లబడిపోయాయి. ఆ సమయంలో లోపలున్నది ఒక్క సుగుణక్క. మల్సూరన్న భార్య. ప్రాణం దక్కింది కాని ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ముక్కుకీ నోటికీ గొట్టాలు. డాక్టరు మాట్లాడనివ్వడం లేదు.

తోటలో చెమ్మకు కావలి కళ్ళు మసకబారతాయి. అందుకని అక్కడ ఏం జరిగినా మనుషుల మాటే ఆధారం. జరిగింది చూసినవాడు మల్సూరన్న ఒక్కడే. ఆయన చెప్పాడు, కావలి నమోదు చేసుకుంది. ఆ నమోదు ఇలా ఉంది: "మల్సూరు ఎండ కోసం తలుపు తెరిచాడు."

అప్పటి నుంచి ఏ తలుపూ ఆయనకి తెరుచుకోవడం లేదు, తన గది తలుపుతో సహా. తిండి గోడలో ఉన్న అరలోంచి వస్తుంది. నేను బయట నిలబడి, తలుపుకున్న చిన్న అద్దంలోంచి మాట్లాడాను.

"నువ్వు తెరిచావా అన్నా?"

"తెరువలేదమ్మా."

"మరి కావలితో ఏం చెప్పావు?"

"ఏం చెప్త? తలుపు తెరుసుకుందని చెప్పిన. దాని మీద చెయ్యన్న వెయ్యలే నేను."

"అంతేనా? ఇంకేమన్నా అన్నావా?"

"యాదికి లేదు కుముదమ్మా. అప్పుడు నా పానమంతా సుగుణ మీదున్నది." అద్దానికి మొహం దగ్గరగా పెట్టి అడిగాడు. "ఎట్లుంది? లేస్తుందా?"

నిద్రపోతోందని చెప్పాను. అది నిజమే. ఆయన తలూపి, మంచం మీద కూర్చున్నాడు.

కావలి దాచిన ఆయన అసలు గొంతు వింటే తేలిపోతుంది. కాని నేరం కిందికి వచ్చిన మాటలు వినాలంటే అధ్యక్షుడు అనుమతివ్వాలి.

ఎండ పక్షం, ఏకాదశి

భుజంగరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఊరి అధ్యక్షుడాయన. మంచివాడే. ఈ మధ్య సరిగ్గా నిద్రపోతున్నట్టు లేదు, కళ్ళ కింద నల్లగా ఉంది.

"మాట సరిచూడ్డం నీ పనే కుముదా, కాదనను. కాని తోటకి మళ్ళీ నారు కావాలి, నింపడానికి గాలి కావాలి. రెండూ పెద్దూరే పంపాలి. చేసిందెవరో తేలితేనే పంపుతామన్నారు. తేలింది, బండి ఎక్కించారు. ఇప్పుడు మళ్ళీ కదిపితే వెనక్కి తిప్పుకుంటారు."

"ఎవరూ చెయ్యలేదేమో సార్."

"ఎవరూ చెయ్యకుండా తలుపెలా తెరుచుకుంటుంది?"

తెరుచుకోవడం అన్న మాట ఆయన నోటి నుంచే వచ్చింది. తెలుగులో ఇలాంటి జంటలు బోలెడున్నాయి. కొమ్మ విరిగింది, కొమ్మని విరిచాడు. గిన్నె పగిలింది, గిన్నెని పగలగొట్టాడు. తలుపు తెరుచుకుంది, తలుపుని తెరిచాడు. ఒకే సంఘటన. మొదటి మాటలో చేసినవాళ్ళకి పీటే ఉండదు. రెండో మాటలో తప్పక ఉండాలి. కావలి మొదటిదాన్ని విని రెండోదిగా రాసుకుంది. భుజంగరావు గారు తన మాటలోని తేడా గమనించలేదు. నేనూ ఎత్తి చూపలేదు. పెద్దూరుని అనుమతి అడుగుతానని మాత్రం అన్నారు.

నన్ను తొలుస్తున్నది ఇంకొకటి ఉంది. ఇవాళ రెహానా చెత్త తలుపుని విప్పి చూస్తానని కావలిని అడిగితే అది ఒప్పుకోలేదు. "కారణం తెలిసింది. మల్సూరు. పరీక్ష అవసరం లేదు" అందట. చేసినవాడు దొరికాడు కనుక ఇక ఎందుకని ఎవరూ అడగక్కర్లేదు. తలుపుకి మళ్ళీ గడియ వేశారు. నారు రాగానే, వచ్చే పొద్దుపొడుపున బడిపిల్లల చేత నాటిస్తామని గోడ మీద ప్రకటన కూడా వెలిగింది.

చీకటి పక్షం, విదియ

మల్సూరన్న ఒప్పుకున్నాడు.

నేను ఆసుపత్రికి మందుల కోసం వెళ్తే, సుగుణక్క మంచం పక్కన ఆయన కనబడ్డాడు. ముందు సంతోషమేసింది. తర్వాత తెలిసింది. నేరం ఒప్పుకున్నవాళ్ళకి కావలి ఆసుపత్రి దాకా దారి ఇస్తుందట. నారు దించాక తిరిగి వెళ్ళే బండిలో వాళ్ళని పెద్దూరుకి పంపేస్తుంది. మళ్ళీ వచ్చేది లేదు.

ఆయన్ని నడవలోకి పిలిచాను.

"ఎందుకన్నా అలా చెప్పావు?"

"తెరుసుకుంది అంటే అది వింటలేదమ్మా. ఎన్నిసార్లు చెప్పినా వింటలేదు. తెరిచిన అంటే విన్నది. ఒక్క మాట మారిస్తే తలుపు తీస్తనంటే మార్చిన. గంతే."

"నిన్ను పంపించేస్తారు."

"పంపనియ్యి. గప్పటిదాంక సుగుణ పక్కన కూసుంట. కండ్లు తెరిచినప్పుడు నేను కనవడాలె కదా."

లోపలికి తొంగి చూస్తే సుగుణక్క చెయ్యి దుప్పటి మీద ఉంది. వేళ్ళ చివరలు ఇంకా కమిలి ఉన్నాయి.

గదికి వచ్చాక ఆయన కొత్త మాటని పైకి రెండు మూడు సార్లు అనుకున్నాను. తెరిచిన. నేను తెరిచిన. చెత్త తలుపు తెరిచిన. ఈ క్రియకి ఇంకో పీట కూడా కావాలి.

చీకటి పక్షం, షష్ఠి

ఒప్పుకోలుని ఊరి ముందు చదివి ముగించాలనేది పద్ధతి. అందరూ సభాశాలలో కూర్చున్నాం. మల్సూరన్న ముందు వరసలో ఉన్నాడు. అడగదలచినవాళ్ళు అడగవచ్చని భుజంగరావు గారు అనగానే నేను లేచాను.

"కావలీ, ఆయన చెప్పిన 'తెరిచిన' అన్న మాటకి పీటలు వెయ్యి."

"చేసినవారు, మల్సూరు గారు. తెరిచిన వస్తువు, చెత్త తలుపు. సాధనం..." అని ఆగింది. "సాధనం చెప్పలేదు."

"అడుగు మరి."

"మల్సూరు గారూ, తలుపును దేనితో తెరిచారు?"

మల్సూరన్న నా వైపు చూశాడు. ఆ చూపులో నన్ను ఆగమని అడగడం ఉంది. "చేత్తోని" అన్నాడు.

రెహానా లేచింది. "ఆ తలుపు చేత్తో రాదు. గడియకి చక్రం బిగించి తిప్పాలి. చక్రం పళ్ళు అరిగాయని నేను ముందే ఊడదీసి పట్టుకెళ్ళాను. ఆ రోజు అది నా బల్ల మీదుంది. మొన్న గడియ వెయ్యడానికి తీసుకెళ్ళి, మళ్ళీ అక్కడే పెట్టాను."

కావలి రెహానా గదిలోకి చూసింది. తర్వాత, "రెహానా గారి గదిలో చక్రం కనబడుతోంది. ఈ క్రియకు సాధనం లేకుండా కుదరదు. ఒప్పుకోలు నిలవదు" అంది.

నేను ఊపిరి పీల్చుకునేలోపే మళ్ళీ అంది: "కాని కర్త పీట ఖాళీగా ఉంచరాదు. మరొకరు దొరికేవరకు మల్సూరు గారే ఉంటారు. ఒప్పుకోలు లేదు కనుక ఆసుపత్రికి దారి లేదు."

సభలో గొడవ మొదలైంది. భుజంగరావు గారు నుదురు పట్టుకుని కూర్చున్నారు. మల్సూరన్న నా పక్క నుంచే తన గదివైపు నడిచాడు. ఒక్క క్షణం ఆగాడు.

"నువ్వు నాకు మంచి చేసినవో చెడు చేసినవో తెలుస్తలేదు కుముదమ్మా" అన్నాడు.

నాకూ తెలియడం లేదు.

చీకటి పక్షం, నవమి

అనుమతి వచ్చింది. పెద్దూరు కాదు, భుజంగరావు గారే ఇచ్చారు. "వాళ్ళ జవాబు కోసం చూస్తే బండి వచ్చేస్తుంది. నువ్వు విను. నేను వాళ్ళకి చెప్పుకుంటాను" అన్నారు.

ఇయర్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని ఆ రోజు మాటలు విన్నాను. మల్సూరన్న గొంతు రొప్పుతోంది. వెనకాల గంటలు మోగుతున్నాయి. మొదటి వాక్యం ఇది:

"ఎండకు తలుపు తెరుసుకుంది."

మళ్ళీ విన్నాను. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఎందుకు తెరుచుకుందో ఆయన ఆ రోజే, ఆ మాటలోనే చెప్పేశాడు.

ఈ "కు" చాలా పనులు చేస్తుంది. సుగుణకు ఇచ్చాడు అంటే పుచ్చుకున్నది సుగుణ. ఊరికి వెళ్ళాడు అంటే చేరేది ఊరు. నాకు భయమేసింది అంటే భయం అనుభవించింది నేను. నీళ్ళకు వెళ్ళింది అంటే నీళ్ళ కోసం. చలికి వణికాడు అంటే మాత్రం, చలి కోసం వణకలేదు, చలి వల్ల వణికాడు. తోక ఒకటే, పీటలు వేరు. ఏ పీటో చెప్పేది పక్కనున్న క్రియ. వెళ్ళడానికి ఏదో కావాలనుకునే మనసుండాలి కాబట్టి అక్కడ "కోసం" కుదురుతుంది. తెరుచుకునే తలుపుకి ఏం కావాలి? దానికి మనసు లేదు కనుక "ఎండకు" అంటే ఎండ వల్ల.

కావలికి ఆ తేడా పట్టుబడకపోవడానికి కారణం కొత్త పాఠమే. చేసినవాడిగా మల్సూరన్నని ముందే కూర్చోబెట్టేసింది. మనిషి చేశాడని అనుకున్నాక, ఎండ కోసమే చేశాడనుకోవడం సహజం.

రెహానా గదికి వెళ్ళి ఆ వాక్యం వినిపించాను. ఆమె చెంచా కింద పెట్టేసింది.

"పోయిన చీకట్లో ఆ తలుపుకి కొత్త చట్రం వేశాం" అంది మెల్లగా. "దాని మీద ఎండ పడటం మొన్నటి పాడ్యమి నాడే మొదటిసారి. చట్రం బయటి సగం ఒక్కసారిగా వేడెక్కుతుంది, లోపలి సగం చల్లగానే ఉంటుంది. వేడెక్కిన వైపు సాగితే చట్రం వంగుతుంది. వంగితే గడియ నాలుక గాడిలోంచి బయటికొస్తుంది. ఇక లోపలి గాలి తోసేస్తుంది."

"నిజంగా అలా జరుగుతుందా?"

"జరగొచ్చు. చూస్తేగాని చెప్పలేను. పెద్ద దీపాలు పెట్టి వేడి చేసి చూద్దామంటే కావలి కరెంటు ఇవ్వదు. కారణం దొరికిందంటుంది."

అప్పుడు ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చింది. వచ్చే పొద్దుపొడుపున ఆ తోటలో పిల్లలుంటారు.

ఈ సంగతి మల్సూరన్నకి అద్దంలోంచి చెప్పాను. "అట్ల అన్ననా నేను? నోటికొచ్చింది అనుంట. తలుపు అంచు అద్దంల నుంచి ఎండ గీతలెక్క కనవడ్డది, ఎనకనే తెరుసుకుంది. నాకు గంతే తెలుసు" అన్నాడు.

చీకటి పక్షం, ద్వాదశి

పాఠంలో నియమం మార్చే అధికారం నాకు లేదు. ఉదాహరణలు ఇచ్చే అధికారం ఉంది. ఎన్నైనా ఇవ్వచ్చు.

నేనొక్కదాన్నే చెబితే ఒక మనిషి అలవాటు అనుకుంటుంది కావలి. అందుకని ఊరందరినీ రమ్మన్నాను. ఒక్కొక్కరు ఒక వాక్యం చాలు, ఎవరి మాట వాళ్ళది. సభాశాలలో బారులు తీరారు. వంటశాల పెద్దావిడ "ఆవిరికి మూత ఎగిరిపడింది" అంది. బట్టలుతికే చోటి నుంచి వచ్చినాయన "సబ్బుకి చేతులు పగిలాయి" అన్నాడు. డాక్టరు "దగ్గుకి నిద్ర పట్టడం లేదని రోజూ వింటున్నాను" అంది. బడిపిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ చెప్పారు: నవ్వుకి పొట్ట నొప్పెట్టింది, పరుగుకి చెప్పు తెగింది, మా మాస్టారి అరుపుకి పెన్సిలు జారిపోయింది. మాస్టారు వెనకాలే ఉన్నారు. ఆయన వంతు వచ్చినప్పుడు "వీళ్ళ అల్లరికి నా జుట్టు తెల్లబడింది" అన్నారు.

కావలి వింటూనే ఉంది. మధ్యలో నన్నొకటి అడిగింది.

"ఆవిరి మూతను ఎగరగొట్టాలని అనుకుందా?"

"అనుకోలేదు."

"అయితే చేసింది ఆవిరి కాదా?"

"ఆవిరి వల్ల జరిగింది. చెయ్యడం వేరు, వల్ల జరగడం వేరు."

"చేసినవారు ఎవరు?"

"ఎవరూ లేరు."

"కర్త పీట ఖాళీగా ఉండకూడదు."

నేను ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. "ఖాళీగా ఉండకూడదన్నారు, నిజమే. అసలు వెయ్యకూడదని అనలేదు కదా. ఎగిరిపడడం అన్న క్రియకి ఆ పీట అక్కర్లేదు. వెయ్యని పీట ఖాళీగా ఎలా ఉంటుంది?"

బారులో ఉన్నవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. భుజంగరావు గారు గోడకి ఆనుకుని నిలబడి, చేతులు కట్టుకుని పైకి చూస్తున్నారు.

"వేయని పీట ఖాళీ కాదు" అంది కావలి. "తెరుచుకొను అన్న క్రియకు కర్త పీట వేయనవసరం లేదు. తలుపు తెరుచుకుంది. ఎండ కారణం కావచ్చు. ఇది తేలలేదు. తేలేవరకు తోటలోకి ఎవరినీ పంపను. మల్సూరు గారి మీద నమోదు నిలిపివేస్తున్నాను."

ఊళ్ళో ఎక్కడో ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. కాసేపటికి మల్సూరన్న నడవలో కనబడ్డాడు. మా ఎవరి వైపూ రాలేదు. ఆసుపత్రి వైపు వెళ్ళాడు, పరుగు లాంటి నడకతో.

ఎండ పక్షం, పాడ్యమి

తోట ఖాళీగా ఉంది. రెహానా గడియ వేసి, చక్రం తీసుకుని వచ్చేసింది. లోపల గాలి నింపాం, పెద్దూరు బండి ఇంకా రాలేదు కనుక ఉన్న కొద్ది గాలిలోంచే. వృథా అవుతుందని కొందరన్నారు. భుజంగరావు గారు ఒప్పుకోలేదు. "పిల్లలున్నప్పుడు పోవడం కన్నా ఇది చవక" అన్నారు.

తోటకీ నడవకీ మధ్య, గాలి పోతే దానంతటదే దిగే నడిమి తలుపుని ముందే దించి, దాని అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. నల్లబడిన మొక్కలు తీసేయడంతో తోట పెద్దగా, బోడిగా కనబడుతోంది. చివర చెత్త తలుపు, దాని చుట్టూ మందపాటి అద్దపు అంచు. అటు చీకటి.

ముందు తలుపు పై అంచున సన్నని గీత వెలిగింది. వెలుగు చట్రం వెంట కిందికి పాకింది. ఇక్కడ పొద్దు పొడవడం చాలా మెల్లగా ఉంటుంది. మేం కదలకుండా చూస్తున్నాం. ఎవరో దగ్గారు. రెహానా నా మోచెయ్యి పట్టుకుంది.

ఏమీ కాలేదు. ఇంకాసేపు ఏమీ కాలేదు. ఎండ తలుపు సగానికి వచ్చింది. నేను తప్పు చెప్పానేమో అనుకున్నాను. "కు" గురించి నాకు తెలిసిందంతా మాటల సంగతే. లోహం సంగతి నాకేం తెలుసు? ఆయన ఎండ కోసమే తెరిచి ఉంటే? కాదని నాకెలా తెలుసు?

అప్పుడు గడియ కదిలింది. చప్పుడు మాకు వినబడలేదు గాని, నాలుక గాడిలోంచి జారడం కనబడింది. తలుపు బయటికి విసురుగా తెరుచుకుంది. నేల మీది మట్టి సుడి తిరిగి బయటికి ఎగిరింది. తోట నిండా తెల్లని ఎండ పడింది.

దాని దగ్గర ఒక్క మనిషి లేడు.

"తలుపు తెరుచుకుంది" అంది కావలి. "ఎండకు."

భుజంగరావు గారు మల్సూరన్న దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పబోయారు. ఆయన రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డారు. చట్రం మార్చేవరకు పిల్లల నాట్లు వాయిదా వేస్తున్నట్టు గోడ మీద ప్రకటన వెలిగింది.

ఎండ పక్షం, చవితి

సుగుణక్కకి గొట్టాలు తీశారు. కొద్ది కొద్దిగా మాట్లాడవచ్చని డాక్టరు చెప్పింది. మల్సూరన్న నమోదు సరిచేయాలి కనుక, నేనూ వెళ్ళాను. కావలి నాతో పాటే వింటుంది.

ఆ రోజు ఆయన చెప్పిన వాక్యాలు రెండు. మొదటిది తేలింది. రెండోది "సుగుణ బయటపడ్డది." ఇన్నాళ్ళూ నా దృష్టంతా తలుపు మీదే ఉండి దీన్ని పట్టించుకోలేదు. కావలి దీన్ని ఉన్నదున్నట్టే రాసుకుంది: చేసినవారు సుగుణ, బయటికి వచ్చింది సుగుణ. కొత్త పాఠానికి దీంతో పేచీ లేదు. పీట నిండింది కదా.

"సుగుణ గారూ," అంది కావలి. "ఆ రోజు మీరు తోటలోంచి ఎలా బయటపడ్డారు?"

సుగుణక్క గొంతు బొంగురుగా, అతి సన్నగా ఉంది. "నేనెక్కడ బయటపడ్డ? కాళ్ళు లేస్తలెవ్వు. కండ్లు కనవడుతలెవ్వు. నడిమి తలుపు దిగుతున్నది. అది దిగినంక ఇగ ఎవ్వలు తీసినా రాదు కదా."

మల్సూరన్న మంచం అవతల నిలబడి ఉన్నాడు. "ఊకో. మాట్లాడకన్నది డాక్టరమ్మ" అన్నాడు.

"మాట్లాడుమన్నది." ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. "దిగే తలుపు కింద భుజం వెట్టిండు. తోటల మిగిలిన గాలి గుడ పోతున్నది. నా రెండు రెక్కలు పట్టి గుంజిండు. తలుపు ఆయన మీదికి వచ్చుకుంట ఉంటే, వదలలే."

నేను మల్సూరన్న వైపు చూశాను. ఆయన తన కుడి భుజం వంక చూసుకుని, చొక్కా సరిచేసుకున్నాడు. ఇన్నిసార్లు ఆ అద్దంలోంచి మాట్లాడాను. ఒక్కసారి కూడా ఆయన ఈ సంగతి ఎత్తలేదు.

"భుజం పెట్టినవారు ఎవరు?" అడిగింది కావలి.

"ఈయనే."

"'ఈయన' అంటే ఎవరు? నమోదుకు పేరు కావాలి."

సుగుణక్క తడబడింది. వాళ్ళ వైపు ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. ఆమె ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు. నన్ను చెప్పమన్నట్టు చూసింది. నేను చెప్పచ్చు. కాని చూసింది ఆమె, చెప్పాల్సింది ఆమె.

దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ, కళ్ళు దించుకుని, ఒక్కో మాట విడదీసి చెప్పింది.

"నన్ను, తోటల నుంచి, మల్సూరు గుంజుకొచ్చిండు."

కావలి ఆ వాక్యాన్ని నమోదు చేసుకుంది. నన్ను సరిచూడమని అడిగింది. సరిచూడ్డానికి ఏమీ లేదన్నాను.

మల్సూరన్న మొహం అటు తిప్పుకున్నాడు. బల్ల మీది చెంబు అందుకుని, ఎవరినీ చూడకుండా, "నీళ్ళు తాగుతవా?" అని అడిగాడు.